నడిసముద్రమున సాక్షి

భూమిపై జరుగు ప్రతి పనికిని ఏదో యొక సాక్ష్యము మిగులును. అడవిలో చెట్టు కొట్టినచో మొద్దు మిగులును. పొలములో ఎద్దు చచ్చినచో ఊరందరికిని తెలియును. చెరువులో చేపలు వెల్లకిల తేలినచో మరునాటికి రచ్చబండ కడ నలుగురు చేరుదురు. సముద్రమున ఇట్లు కాదు. నావ పోయిన జాడను నీరు నిమిషములో మాపివేయును. వలనుండి తీసి జారవిడిచిన కళేబరము మరల ఎవ్వరికిని కానరాదు. రేవునకు చేరునది అమ్ముడుపోవు సరకు మాత్రమే. ఆ సరకును తూచుటకు కాటా కలదు. ఆ సరకుతోపాటు చచ్చి సముద్రము పాలైన జీవములను తూచు కాటా మాత్రము చిరకాలము లేకపోయినది.

అట్టి కాటా యొకటి ఏర్పడిన చరిత్రను ఈ ప్రసంగమున మనవి చేయుదుము. అది యంత్రము కాదు, ఒక మనిషి. అతడు చేపలు పట్టడు; వల లాగడు; నావ నడుపడు. దుర్భిణి, పెన్సిలు, అచ్చుకాగితముల కట్ట అతని పనిముట్లు. వాణిజ్యపు చేపల నావపై నిలిచి, వలలోను గాలములకును ఏ డాల్ఫిన్ చిక్కినది, ఏ పక్షి చచ్చినది, ఏది బ్రతికి బయటపడినది అని వ్రాసికొనుటయే అతని ఉద్యోగము. లోకమున అతనిని పరిశీలకుడందురు. ఒక మనిషి లెక్క వ్రాసినంత మాత్రమున సముద్రమున ఏమి మారును అని అడుగవచ్చును. ఏమి మారినదో, ఏమి మారలేదో గత అరువదేండ్ల చరిత్ర చెప్పుచున్నది.

కథ పసిఫిక్ మహాసముద్రపు తూర్పు భాగమున మొదలగును. మెక్సికో మొదలుకొని పెరూ దాక గల ఉష్ణజలములలో ఒక వింత కలదు. మన విశాఖ తీరపు మత్స్యకారులు సూర అని పిలుచు చేపయే అంగడిలో టూనా యనబడును. అందు పసుపుపచ్చ రెక్కలుగల పెద్ద జాతి డాల్ఫిన్ల మందల క్రింద ఈదుచుండును. ఆ ప్రాంతమున వెచ్చని పైనీరు పలుచనిది. దాని దిగువ నీటిలో ప్రాణవాయువు తక్కువ. అందుచేత సూరలు లోతునకు పోక పైపొరలోనే తిరుగును. డాల్ఫిన్లతో కలిసి తిరిగినచో సొరచేపల వంటి శత్రువులనుండి కొంత రక్షణ కలుగునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. కారణ మేదైనను, నీటిపై డాల్ఫిన్ ఎగిరినచోట క్రింద సూర ఉండునని ఆ తీరపు నావికులు ఎరుగుదురు.

1950 దశాబ్దపు నడిమివరకు ఈ ఎరుక డాల్ఫిన్లకు పెద్దగా కీడు చేయలేదు. కాలిఫోర్నియాలోని శాన్ డియాగో రేవునుండి బయలుదేరు నావికులు వెదురుగడలకు గాలములు తగిలించి, ఎర చల్లి, సూరలను ఒకటొకటిగా పట్టుచుండిరి. డాల్ఫిన్ తెలివిగల జంతువు; గాలమునకు చిక్కుట అరుదు. ఆ దశాబ్దముననే రెండు మార్పులు వచ్చినవి. నూలువలలకు మారుగా ఉష్ణజలములలో కుళ్లని నైలాను వలలు వచ్చినవి. మారియో ప్యురెటిక్ అను క్రొయేషియా జాతీయుడు బరువైన వలను యంత్రశక్తితో పైకి లాగు గిలకను కనిపెట్టెను. ఈ రెండింటితో సంచివల రాజ్యమేలినది.

సంచివల పనిచేయు తీరు ఇట్టిది. మైలు పొడవుండు వలను మంద చుట్టును గోడవలె దింపుదురు. తరువాత అడుగునగల త్రాటిని లాగుదురు. వక్కాకుల తిత్తి నాడా లాగినట్లు వల అడుగు ముడుచుకొనును. సూర ఎచ్చట నున్నదో చెప్పునది డాల్ఫిన్ కనుక, నావికులు వేగపు మరపడవలతో డాల్ఫిన్లను తరిమి, అలసిన మందను వలలో చుట్టుచుండిరి. క్రింద సూరలు, పైన డాల్ఫిన్లు ఒకే వలలో పడుచుండెను. సూరలు పడవకు ఎక్కును. డాల్ఫిన్ మనవలె ఊపిరితిత్తులతో గాలి పీల్చు ప్రాణి. వల ముడతలలో ముట్టె చిక్కినచో నీటిలోనే ఊపిరాడక చచ్చును. నావికులకు వాటి మాంసముతో పనిలేదు. చచ్చినవానిని సముద్రమున పారవైచుచుండిరి.

ఇది కొన్ని సంవత్సరములు జరిగినను తీరమునగల జనులకు తెలియదు. నావికులకు తెలియును; వారు దాచవలెనని దాచినారనుటకంటె, అడిగినవారు లేరనుట న్యాయము. 1960 దశాబ్దపు నడుమ విలియం పెర్రిన్ అను యువశాస్త్రజ్ఞుడు అట్టి నావలపై ప్రయాణించి వలలలో జరుగునది కన్నులార చూచెను. 1968లో ఆయన ఆ సంగతిని అచ్చువేయించెను. వ్రాసినది కొద్దియే, కాని, నడిసముద్రపు సంగతి మొదటిసారి ఒడ్డునకు చేరినది. 1959 మొదలు 1972 వరకు ఆ ప్రాంతమున సుమారు 49 లక్షల డాల్ఫిన్లు చచ్చియుండునని తరువాత శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. అంచనా యను మాటను గమనింపవలెను. ఆ యేండ్లలో సాక్షులతో వెడలిన నావలు మిక్కిలి కొద్ది. ఉన్న కొద్దిపాటి లెక్కనుండి మొత్తమును ఊహింపవలసి వచ్చినది. చచ్చినవాని కచ్చితమైన లెక్క ఇక ఎన్నటికిని తెలియదు. సాక్షి లేకపోవుటకు లోకము చెల్లించిన మొదటి మూల్యము అది.

1972 అక్టోబరు 21న అమెరికాలో సముద్ర స్తన్యజంతువుల రక్షణ శాసనము వెలువడెను. సూర నావలకు రెండేండ్ల గడువు లభించినది. పిమ్మట డాల్ఫిన్ల మరణములకు సంవత్సరపు పరిమితి విధించిరి. 1976లో ఆ పరిమితి 78,000. అది క్రమముగా తగ్గుచు 1981 నాటికి 20,500 అయినది. పరిమితి విధించుట కాగితముపై సులువే. పరిమితి దాటినదో లేదో చెప్పువాడు కావలెను. అందుచేత నావలపై ప్రభుత్వ పరిశీలకులు ఎక్కిరి.

నావికులు మొదట దీనిని సహింపలేదు. నావ వారికి ఇల్లు, అంగడి, ఆస్తి. ఇంటిలో అపరిచితుని కూర్చుండబెట్టి, అతడు వ్రాసినదానిని మాపై సాక్ష్యముగా వాడుదురా అని కొందరు అధిపతులు న్యాయస్థానమున ప్రశ్నించిరి. అనుమతి పత్రము లేని సోదా యని వారి వాదము. 1984లో అమెరికా అప్పీలు న్యాయస్థానము ఒకటి పరిశీలకులకు సంబంధించిన నిబంధన చెల్లునని తీర్పు చెప్పినది. చట్టము వారిని నోరు మూయించినది కాని, ఆ ప్రశ్నలోని బాధను తుడువలేదు. పరిశీలకుడు శాస్త్రజ్ఞుడా, రక్షకభటుడా అను సందేహము ఈనాటికిని ప్రతి నావపైనను తలయెత్తుచునే యున్నది.

అయినను నావికులనే దోషులుగా చూపి కథ ముగించుట తగదు. డాల్ఫిన్లను బ్రతికించు ఉపాయములలో ముఖ్యమైనవి వారే కనిపెట్టిరి. వల చుట్టిన పిదప నావను వెనుకకు నడిపినచో, వల దూరపు అంచు సాగి నీటిలోనికి కొంచెము క్రుంగును. ఆ సందున డాల్ఫిన్లు దాటిపోవును. సూరలు అడుగున నిలుచును. ఈ పద్ధతి 1960 ప్రాంతమున నావికుల చేతిలోనే రూపుదిద్దుకొన్నది. 1971లో హెరాల్డ్ మెడీనా అను అధిపతి, డాల్ఫిన్లు దాటిపోవు భాగమున వలకు సన్నని కన్నులుగల పట్టీని కుట్టించెను. పెద్ద కన్నులలో ముట్టె చిక్కును. చిన్న కన్నులలో చిక్కదు. అంతే తేడా. ఆ పట్టీ నేటికిని ఆయన పేరనే చెల్లుచున్నది. వలలో మిగిలిన డాల్ఫిన్లను చేతులతో పట్టి దాటించుటకు నావికులు చిన్న తెప్పలపై నీటిలో దిగుచుండిరి.

పరిశీలకుని లెక్క ఇచ్చటనే అక్కరకు వచ్చినది. అతడు చావులను మాత్రమే కాక, వల వేసిన గంట, ప్రవాహపు వేగము, యంత్రపు చెడుగు, నావను వెనుకకు నడిపిన తీరు అన్నియు వ్రాయుచుండెను. వేల వలల లెక్కలను కలిపి చూడగా కొన్ని సంగతులు బయటపడినవి. అధిక భాగము వలలలో చావులు లేవు, లేదా బహు స్వల్పము. కొన్ని వలలలో మాత్రము వందలు చచ్చుచుండెను. ఆ కొన్ని ఎట్టివి? పొద్దుగూకిన తరువాత వేసినవి, ప్రవాహము బలముగా నున్నవి, యంత్రము మొరాయించినవి, అధిపతికి అనుభవము చాలనివి. ఈ ఎరుక లేనిచో నిషేధమొక్కటే మార్గమని తోచెడిది. ఎరుక కలిగినందున చీకటి వలలను ఆపుట, వలను సరిచూచుట, అధిపతులకు శిక్షణ నిచ్చుట సాధ్యమైనవి. కోపము చేయలేని పనిని లెక్క చేసినది.

అంతలో కథ మరొక మలుపు తిరిగినది. అమెరికా నిబంధనలు బిగిసినకొలది అనేక నావలు ఇతర దేశముల జెండాలు ఎత్తినవి. మెక్సికో, వెనిజులా మొదలగు దేశములు సొంత నావలను పెంచుకొన్నవి. అచ్చట పరిశీలకులు తక్కువ. 1949 నాటి ఒడంబడికతో ఏర్పడిన అంతర అమెరికా ఉష్ణమండల టూనా సంఘము 1979 నుండి తన పరిశీలకులను పంపసాగినది. 1986లో అన్ని దేశముల నావలను కలిపి లెక్కింపగా ఒక్క సంవత్సరమున సుమారు 1,33,000 డాల్ఫిన్లు చచ్చినట్లు తేలినది. ఒక దేశపు శాసనము సముద్రమంతటికి శాసనము కాదని ఆ అంకె చాటినది.

1988లో సామ్ లాబడ్ అను యువకుడు పనామా జెండాగల నావపై వంటవానిగా చేరి రహస్యముగా తీసిన చలనచిత్రము అమెరికా టెలివిజనులో ప్రదర్శితమైనది. అంకెలకు చలింపని గృహములు ఆ బొమ్మలకు చలించినవి. 1990 ఏప్రిలున అమెరికాలోని మూడు పెద్ద టూనా డబ్బీల కంపెనీలు డాల్ఫిన్లను తరిమి పట్టిన సూరను కొనబోమని ప్రకటించినవి. అదే సంవత్సరమున డబ్బీపై వేయు డాల్ఫిన్ క్షేమపు గుర్తుకు శాసనము ఏర్పడెను. ఆ గుర్తుపై మెక్సికోకును అమెరికాకును మధ్య అంతర్జాతీయ వాణిజ్య వేదికలలో 1991లో మొదలైన తగవు ఇరువదియైదేండ్లకు పైగా నడచినది. డబ్బీపై అంటించిన చిన్న కాగితమునకు రెండు దేశములు అన్నియేండ్లు వాదించుటకు హేతువు లేకపోలేదు. ఆ కాగితము సత్యమని చెప్పువాడు నావపైనున్న సాక్షియే. అతని మాట కల్ల యైనచో గుర్తు కల్ల యగును.

1992లో కాలిఫోర్నియాలోని లా హోయాలో ఆయా దేశములు ఒక అంగీకారమునకు వచ్చినవి. పెద్ద సంచివల నావ లన్నిటిపైన, ప్రతి ప్రయాణమునను ఒక పరిశీలకుడు ఉండవలెను. దేశమున కింత యని కాక, ఒక్కొక్క నావకు ఇన్ని మరణములని పరిమితి విధించిరి. పరిమితి దాటిన నావ ఆ యేడు డాల్ఫిన్లపై వల వేయరాదు. దీనితో ఒకరి నిర్లక్ష్యమునకు అందరును శిక్ష అనుభవించు స్థితి పోయి, ఎవరి లెక్క వారిదైనది. 1998లో సంతకములై 1999లో అమలునకు వచ్చిన ఒడంబడిక ఈ ఏర్పాటును స్థిరపరచి, సంవత్సరపు మొత్తము 5,000 మించరాదని నిర్ణయించినది. ఫలితము అంకెలలో చూడవచ్చును. 1986లో 1,33,000, 1993లో సుమారు 3,600, 1998లో రెండువేలకు లోపు.

ఇంతటితో మంగళము పాడవచ్చు ననిపించును. కాని సముద్రము అంత సులువుగా లెక్క అప్పగింపదు. మరణములు తగ్గిన పిదప డాల్ఫిన్ల మందలు త్వరగా పెరుగవలెను గదా. ఓడలపై వెడలి మందలను లెక్కించినవారికి ఆ పెరుగుదల స్పష్టముగా కానరాలేదు. ఈశాన్య భాగపు చుక్కల డాల్ఫిన్లు పూర్వపు సంఖ్యలో అయిదవ వంతు ప్రాంతమునను, తూర్పు ప్రాంతపు గిరగిర తిరుగు డాల్ఫిన్లు మూడవ వంతు ప్రాంతమునను నిలిచిపోయినవని 2005లో ప్రకటితమైన పరిశోధన చెప్పినది. కారణ మేమి? ఒక సంగతి శాస్త్రజ్ఞులను కలచినది. వలలో చచ్చిన ఆడ డాల్ఫిన్లలో పాలిచ్చుచున్నవి కొన్ని కలవు; వాని పిల్లలు ఆ వలలో లేవు. మరపడవలు తరిమిన వేళ తల్లి వేగమును అందుకొనలేక పిల్ల వెనుకబడి యుండును. వల వెలుపల, కనుచూపు మేరకు ఆవల తల్లిలేని పిల్ల బ్రతుకజాలదు. ఆ మరణము పరిశీలకుని కాగితమున ఎక్కదు. అతడు చూచినది వ్రాయును. చూడనిది ఎట్లు వ్రాయును?

ఇక పక్షుల కథకు వత్తము. దక్షిణ మహాసముద్రమున ఆల్బట్రాస్ అను మహాపక్షి కలదు. రెక్కలు చాపినచో మూడు మీటర్లకు మించు జాతి అందున్నది. అది ఏండ్ల తరబడి సముద్రముపైననే తిరిగి, సుమారు పదేండ్ల వయసున గూడు కట్టును. రెండేండ్లకొక గ్రుడ్డు పెట్టును. పలు దశాబ్దములు జీవించును. ఇట్టి ప్రాణికి శిశువుల కొరత కంటె పెద్దల చావే పెద్ద దెబ్బ. దక్షిణ జార్జియా వంటి ద్వీపములలో ఏటేటను గూళ్లు లెక్కించువారు గూళ్లు తగ్గుచున్నవని కనుగొనిరి. ద్వీపమున శత్రువు లేదు. తిండికి లోటు కానరాదు. పోయిన పక్షులు ఎచ్చటికి పోయినవి?

జవాబు పొడవైన గాలపు త్రాటిపై దొరికినది. సూరలను పట్టు కొన్ని నావలు నూరు కిలోమీటర్ల త్రాటికి మూడువేల వరకు గాలములు కట్టి వెనుకకు వదలుచుండును. ఎర నీటిలో మునుగుటకు కొన్ని క్షణములు పట్టును. ఆ క్షణములలో ఆల్బట్రాస్ ఎరను అందుకొనును. గాలము అందుకొన్నదానిని నీటి అడుగునకు ఈడ్చుకొని పోవును. టాస్మేనియాకు చెందిన నైజెల్ బ్రదర్స్ 1988లో జపాను నావలపై పరిశీలకుడుగా ఉండి ఈ సంగతిని లెక్క వ్రాసెను. దక్షిణ సముద్రమున జపాను నావల గాలములకు ఏటా సుమారు 44,000 ఆల్బట్రాస్‌లు బలియగుచున్నవని 1991లో ప్రకటించెను.

ఆయన వ్రాసినదానిలో మరొక లెక్కయు కలదు. పక్షి తిన్న ప్రతి ఎర వలన ఒక చేప దొరకక పోవచ్చును. నావికునికి పక్షియే నష్టము. ఈ లెక్క నావికుల మనసునకు సూటిగా తాకినది. జపాను నావికులు అంతకు పూర్వమే ఒక ఉపాయము కనిపెట్టియుండిరి. నావ వెనుక ఎత్తయిన గడనుండి ఒక త్రాడు వదలి, దానికి రంగుపట్టీలు కట్టి గాలిలో ఆడించినచో పక్షులు బెదరి దూరముగా నుండును. పొలములో దిష్టిబొమ్మను నిలుపు రైతుకు ఈ యుక్తి వింత కాదు. దానికి తోడు గాలపు త్రాటికి బరువులు కట్టి ఎరను త్వరగా ముంచుట, రాత్రివేళ త్రాడు వదలుట, చేపల వ్యర్థములను ఆ సమయమున పారవేయకుండుట అను పద్ధతులు చేరినవి.

అంటార్కిటికా జలముల జీవరక్షణ సంఘము 1982 నుండి హోబర్ట్ నగరము కేంద్రముగా పనిచేయుచున్నది. అది పక్షుల రక్షణకు మొదటి నిబంధనను 1991లో చేసినది. 1992లో అంతర్జాతీయ పరిశీలకుల ఏర్పాటును నెలకొల్పినది. దక్షిణ జార్జియా చుట్టును, పక్షులు పిల్లలను పెంచు వేసవిలో గాలపు నావలను ఆపి, చలికాలమునకే పరిమితము చేసిరి. ఒకప్పుడు వేలలో చచ్చిన పక్షులు కొలది యేండ్లలో పదులకు తగ్గినవి. 2001లో రూపొంది 2004లో అమలైన ఆల్బట్రాస్‌ల ఒడంబడిక ఈ పద్ధతులను ఇతర సముద్రములకు చాటుచున్నది. ఐనను ఆ పక్షికి సరిహద్దులు లేవు. నిబంధనలున్న జలములలో గూడు కట్టి, లేని జలములలో మేతకు పోవును. 2011లో వెలువడిన ఒక అంచనా ప్రకారము ప్రపంచమంతట గాలపు నావలకు ఏటా కనీసము 1,60,000 సముద్రపక్షులు బలియగుచుండెను.

ఇచ్చటను కాగితమున ఎక్కని చావులు కలవు. త్రాడు వదలునపుడు గాలమునకు చిక్కినట్లు కన్నులార చూచిన పక్షులలో, త్రాడు పైకి లాగునపుడు నావ చేరినవి సగము మాత్రమే యని బ్రదర్స్ బృందము 2010లో చూపినది. మిగిలినవి నీటిలోనే జారిపోయినవి. ఒడ్డున కూర్చుండి అంకెలు చదువువారు ఈ సగమును మరువరాదు.

సాక్షి మాట లోకమును కదలించిన మరొక సందర్భము కలదు. ఉత్తర పసిఫిక్కున జపాను మొదలగు దేశముల నావలు ఏబది కిలోమీటర్ల వరకు సాగు తేలుడువలలను రాత్రివేళ వదలుచుండెను. ఐక్యరాజ్యసమితి 1989లో హెచ్చరించిన పిదప, 1990లోను 1991లోను జపాను, అమెరికా, కెనడా దేశముల పరిశీలకులు ఆ నావలపై వెడలి లెక్క తెచ్చిరి. స్క్విడ్ కొరకు వేసిన వలలలో డాల్ఫిన్లు, పక్షులు, సొరచేపలు, తాబేళ్లు ఎన్ని చచ్చుచున్నవో మొదటిసారి తేటపడినది. 1991 డిసెంబరున సమితి చేసిన తీర్మానము ప్రకారము 1992 చివరనుండి మహాసముద్రములలో పెద్ద తేలుడువలలు నిలిచినవి.

ఇంత కార్యమునకు కారణమైన మనిషి బ్రదుకు ఎట్టిదో ఒక్కసారి తలపవలెను. అతడు నెలల తరబడి, తన భాష రానివారి నడుమ, తన పని నచ్చనివారి తిండి తినుచు, వారు వేసిన పరుపుపై పండుకొనును. అతడు వ్రాయు ఒక గీత వలన నావకు లక్షల నష్టము రావచ్చును. లంచము, బెదిరింపు రెండును సమీపముననే యుండును. చుట్టుకట్టు నీరు మాత్రమే. 2015 సెప్టెంబరున పెరూ తీరమునకు బహుదూరమున ఒక అమెరికా పరిశీలకుడు నావపైనుండి అదృశ్యుడయ్యెను. 2020లో కిరిబాటి దేశపు పరిశీలకుడొకడు నావపైననే మరణించెను. సాక్ష్యము చెప్పువానికి రక్షణ లేనిచో సాక్ష్యము నిలువదు.

ఇటీవల మనిషికి మారుగా యంత్రపు కన్నును నిలుపు పద్ధతి వచ్చినది. కెనడా పడమటి తీరమున 2006 నుండి గాలపు నావలపై కెమెరాలు తప్పనిసరి యైనవి. నావికుడు తన పుస్తకమున తానే లెక్క వ్రాయును. కెమెరా బొమ్మలలో పదవ వంతును ఏరి, ఆ పుస్తకముతో పోల్చుదురు. లెక్కలు సరిపోయినచో సరి. లేనిచో బొమ్మలన్నియు చూచు ఖర్చు నావికునిపై పడును. ఏ భాగమును చూతురో తెలియనందున అంతయు సరిగా వ్రాయుటయే అతనికి లాభము. ఇది చక్కని ఏర్పాటు. కాని కెమెరా చచ్చిన డాల్ఫిన్ పొట్టలోని ఆహారమును చూడదు. వయసు తెలుపు పంటిని తీయదు. నావికునితో కూర్చుండి, నిన్నటి వలలో ఏమి తప్పినదని ముచ్చటింపదు.

మనకు దీనితో సంబంధ మేమి? సంబంధము కలదు. హిందూ మహాసముద్రమున సూరల కొరకు వేయు నిలువు వలలలో 1950 మొదలు 2018 వరకు సుమారు 41 లక్షల చిన్న తిమింగిల జాతి ప్రాణులు, అందు అధికముగా డాల్ఫిన్లు, చిక్కియుండునని 2020లో ప్రకటితమైన ఒక అంచనా తెలిపినది. 2004 - 2006 నడుమ అది ఏటికి లక్ష ప్రాంతము. ఆ వలలు వేయు దేశములలో ఇరాను, ఇండొనీషియా, శ్రీలంక, పాకిస్తానులతోపాటు మన దేశమును కలదు. ఇదియు అంచనాయే, ఏలయన ఇచ్చట నావలపై పరిశీలకులు మిక్కిలి తక్కువ. 1959 నాటి పసిఫిక్ స్థితియే మన సముద్రమున కొనసాగినదన్నమాట.

మనది పెద్ద నావల సముద్రము కాదు. నలుగురైదుగురు పట్టు పడవలో అయిదవవానికే చోటు చాలదు; పరిశీలకునకు ఎచ్చట? విశాఖ తీరమున మరపడవలపై వెడలి చేతిగాలముతో పెద్ద సూరలను పట్టు మత్స్యకారులు కలరు; ఆ పద్ధతిలో డాల్ఫిన్‌కు అపాయము స్వల్పము. నిలువు వలల సంగతి వేరు. పొరుగుననున్న పాకిస్తానులో 2012 నుండి పడవ సరంగులకే శిక్షణ నిచ్చి, వారినే పరిశీలకులుగా చేసిరి. వారు తెచ్చిన లెక్కనుండి ఒక ఉపాయము రుజువైనది. వలను నీటిపైననే కాక, రెండు మీటర్లు దిగువకు దింపినచో డాల్ఫిన్లు చిక్కుట బహుగా తగ్గినది. సూరల పట్టునకు పెద్ద లోటు రాలేదు. పసిఫిక్కున మెడీనా చేసినట్లే ఇచ్చటను మందు వలలోనే దొరికినది.

అమెరికా 2016లో చేసిన నియమము ప్రకారము, సముద్ర స్తన్యజంతువులకు రక్షణ కల్పింపని దేశముల చేపలు ఆ దేశమున దిగరాదు. పలుమార్లు వాయిదాపడి 2026 జనవరి 1 దాని అమలునకు గడువైనది. ఈ నియమము దృష్ట్యా మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థయు ఇతర సంస్థలును మన జలములలోని డాల్ఫిన్లను, తిమింగిలములను లెక్కించు పనికి పూనుకొన్నవి. లెక్క ఇప్పుడు దయకు మాత్రమే కాక, వర్తకమునకును అవసరమైనది.

ఇచ్చట ఒక చిక్కు కలదు. 1972 నాటి మన వన్యప్రాణి రక్షణ శాసనము ప్రకారము డాల్ఫిన్‌ను చంపుట నేరము. తలవని తలంపుగా వలలో చచ్చిన డాల్ఫిన్‌ను మత్స్యకారుడు రేవునకు తెచ్చి చూపునా? కేసు పెట్టుదురేమో యను భయమున దానిని సముద్రముననే వదలును. శిక్ష ఎంత కఠినమైన, లెక్క అంత చీకటియగును. సత్యము చెప్పినవానిని దండించినచో రెండవ మారు సత్యము చెప్పువాడుండడు. శాసనము వలదని మేము చెప్పుట లేదు; ఉద్దేశపూర్వకముగా చంపినవానికిని, ప్రమాదమును ఉన్నదున్నట్లు తెలిపినవానికిని భేదము చూపవలెనని మనవి చేయుచున్నాము. పసిఫిక్కున మరణములు తగ్గినది నావికులను వెలివేసినందున కాదు. వారి నేర్పును, సాక్షి లెక్కను ఒకచోట చేర్చినందున.

మన ఇండ్లలో చేప వండు వేళ అది ఏ వలలో పడినది, దానితోపాటు మరేమి పడినది అని అడుగు అలవాటు మనకు లేదు. అడిగినను చెప్పగలవాడు ఇంతవరకు లేడు. మన తీరపు సరంగు తన పడవలో తానే సాక్షియై, నిర్భయముగా ఒక పుస్తకమున నాలుగు గీతలు గీయగల దినము వచ్చినచో, ఆ ప్రశ్నకు జవాబు దొరకును. అంతవరకు బంగాళాఖాతమున ఎన్ని డాల్ఫిన్లు వలలలో చచ్చుచున్నవను ప్రశ్నకు నిజమైన సమాధానము అంకె కాదు, మౌనము.